ఇరవై సెకన్ల పిస్టను

వాకాడు,
12 జనవరి 1961.

తమ్ముడు పద్మనాభానికి,

ఇక్కడ అందరం బాగున్నాం. వరి కోతకు ఇంకా నెల పడుతుంది. ఈ ఉత్తరం ఒక సందేహం తీర్చుకోవడానికి రాస్తున్నాను. మోటారు సైకిలు ఇంజనులో పిస్టను అనేది ఏం చేస్తుంది? పదకొండు వందలు పోసి దాన్ని మారిస్తే బండి నిజంగా ఎంత ముందుకు పోతుంది?

నవ్వకు. నీకు లెక్కలు నేర్పినదాన్ని నేనే.

ప్రతి మే నెలలో మా స్వర్ణముఖి ఎండిపోయాక ఏట్లో మోటారు సైకిళ్ళ పందెం పెడతారని నీకు తెలుసు. మీ బావ యుద్ధంలో పటాలం ఉత్తరాలు మోటారు సైకిలు మీద మోసిన మనిషి. నాలుగేళ్ళు వరసగా కప్పు ఆయనదే. రెండేళ్ళ నుంచి బుచ్చిరెడ్డిపాలెం రైసు మిల్లు వాళ్ళ అబ్బాయి ఆనందబాబు గెలుస్తున్నాడు. ఆ అబ్బాయి బండిలో ఇంగ్లండు నుంచి వచ్చిన పిస్టను, క్యాము, పెద్ద కార్బురేటరు ఉన్నాయట. బిగించింది కూడా మద్రాసులో నువ్వు పనిచేసే షాపులోనేనట.

అప్పటినుంచి మీ బావకు ఒకటే మాట. "వాడు నన్ను గెలవలా శేషా. వాడి ఇంజను గెలిచింది" అంటాడు. ఇప్పుడు తనకూ ఆ సామానే కావాలట. బావికి ఆయిలింజను పెట్టాలని నాలుగు పంటలుగా దాచిన డబ్బు ఉంది. ఎద్దులతో కపిల తోలి, బావిలోంచి నీళ్ళు తోడి తోడి ఆయన నడుము, ఎద్దుల మెడలు రెండూ అరిగిపోయాయి. ఆ డబ్బు ఈ పిస్టనుకు పోతే మళ్ళీ రెండేళ్ళు కపిలే గతి.

వద్దని చెప్పడం నాకు చేతకాక కాదు. నాలుగేళ్ళు గెలిచిన మనిషి తలవంచుకుని ఏట్లోంచి ఇంటికి నడిచి వస్తే చూడటం నాకూ కష్టంగానే ఉంది. అందుకే అడుగుతున్నాను. ఆ సామాను అంత డబ్బు చేస్తుందా, చేయదా?

నీ అక్క,
ఆదిశేషమ్మ.


మద్రాసు,
20 జనవరి 1961.

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. పిస్టను అంటే సైకిలు పంపులో గొట్టం లోపల ఆడే బిరడా లాంటిది. గాలి, పెట్రోలు కలిసి లోపలికి రాగానే పైకి వెళ్ళి వాటిని నొక్కుతుంది. అప్పుడు నిప్పురవ్వ పడి ఆ మిశ్రమం మండుతుంది. ఆ మంట పిస్టనును కిందికి తోస్తుంది. ఎంత గట్టిగా నొక్కితే అంత గట్టిగా తోస్తుంది. ఇంగ్లండు పిస్టను నెత్తి ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఎక్కువ నొక్కుతుంది.

మా సంస్థ ఈ సామానును మూడేళ్ళుగా తెప్పిస్తున్నది. మా సంస్థ బిగించిన బండ్లు అనేక పందేలలో గెలిచాయి. బావగారి ఆలోచన సరైనదే. మార్చి పదిహేనులోగా డబ్బు పంపితే ఏప్రిల్ ఓడలో సామాను వస్తుంది. మా సంస్థ తరఫున నేనే దగ్గరుండి బిగిస్తాను.

బావగారికి నమస్కారాలు చెప్పు.

పద్మనాభయ్య.


వాకాడు,
3 ఫిబ్రవరి 1961.

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. సంతోషంతో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. నాకే సహించలేదు.

పంపులో బిరడా సంగతి బాగా చెప్పావు. చదవగానే సైకిలు పంపు తెచ్చి చివర వేలుతో మూసి నొక్కి చూశాను. వేలు కాలింది. అంటే గట్టిగా నొక్కితే వేడి కూడా ఎక్కువే పుడుతుందన్నమాట. ఆ వేడి పిస్టనును ఏమీ చేయదా? నువ్వు దాని గురించి రాయలేదు. మిగతా ఉత్తరమంతా ఎవరో చెబుతుంటే నువ్వు రాసినట్టుంది. "మా సంస్థ" అనే మాట మూడు చోట్ల ఉంది. నా తమ్ముడు ఎప్పుడు సంస్థ అయిపోయాడు?

నేను అడిగేది ఒక్కటే. మా పందెం తారు రోడ్డు మీద కాదు, ఏటి ఇసుకలో. ఐదు చుట్లు. ఈ సామానును మీ షాపులో ఎవరైనా ఇసుకలో తోలి, అది లేనప్పుడు ఎంత, ఉన్నప్పుడు ఎంత అని చూశారా?

మా ఊళ్ళో ఆయిలింజన్లు బాగుచేసే క్రీస్తురాజును అడిగాను. "నాకు తెలిసిన ఇంజను కదలకుండా ఒక చోట నిలబడేది అక్కా, పరిగెత్తే వాటి సంగతి మీ తమ్ముడే చెప్పాల" అన్నాడు. తెలియనిది తెలియదని చెప్పాడు. నాకు నచ్చింది.

నీ అక్క.


మద్రాసు,
11 ఫిబ్రవరి 1961.

అక్కా,

పోయినసారి ఉత్తరం షాపులో కూర్చుని రాశాను. మేనేజరు బల్ల నా వెనకే ఉంటుంది. ఇది చూళైలో నా గదిలో కూర్చుని రాస్తున్నాను.

నీ ప్రశ్నకు జవాబు: ఎవరూ చూడలేదు. అందరూ గెలిచిన బండి ఏదో చూస్తారు, అందులో ఏ సామాను ఉందో అడుగుతారు, అదే కొంటారు. గెలుపులో ఇంజను వాటా ఎంత, మనిషి వాటా ఎంత, ఇసుక వాటా ఎంత అని నేను కూడా ఏనాడూ లెక్క చూడలేదు. నువ్వు అడిగాక మూడు రోజులుగా అదే ఆలోచన.

నువ్వే చూడవచ్చు. సెకన్ల ముల్లున్న గడియారం ఒకటి సంపాదించు. పందెం దారి పొడుగునా నేల మారిన చోటల్లా తాటిమట్ట నాటు. బావ తోలేటప్పుడు ఏ మట్ట నుంచి ఏ మట్టకు ఎన్ని సెకన్లు పట్టిందో రాయి. ఒక్కసారి కాదు, పది చుట్లు. హ్యాండిలు మీద వేగం పెంచే పిడి, అదే త్రాటిలు, ఎక్కడ పూర్తిగా తిప్పుతున్నాడో ఆయన్నే అడుగు. ఎక్కువ శక్తి పనికొచ్చేది అక్కడ మాత్రమే.

డబ్బు పంపే పని మార్చి పదిహేను దాకా ఆపు.

పద్మనాభం.


వాకాడు,
5 మార్చి 1961.

తమ్ముడూ,

కోతలు అయిపోయాయి. నాకు ఇంత సరదాగా అనిపించిన పని పెళ్ళయ్యాక ఇదే.

క్రీస్తురాజు తన చేతి గడియారం ఇచ్చాడు. మీ బావ మొదట ఒప్పుకోలేదు. సామాను వచ్చాక ఎంత లాభం వచ్చిందో తెలియాలంటే ముందు లెక్క ఉండాలి కదా అన్నాను. సరేనన్నాడు. ఆయన తోలుతుంటే నేను గట్టు మీద నిలబడి చూశాను. ఏట్లో బట్టలుతికేవాళ్ళంతా నన్ను చూశారు.

ఒక చుట్టుకు నూట డెబ్భై రెండు సెకన్లు, రెండు అటూ ఇటూ. అందులో నీటి పాయ పక్కన తడి ఇసుక గట్టిగా ఉంటుంది. మీ బావ త్రాటిలు పూర్తిగా తిప్పేది అక్కడొక్కచోటే. దానికి పట్టేది ఇరవై సెకన్లు. మిగతాదంతా మలుపులు, గట్టు ఎక్కడం, మెత్తటి ఇసుక. అంటే పదకొండు వందల పిస్టను చుట్టు మొత్తంలో ఇరవై సెకన్లు పనిచేసి మిగతా వేళ ఊరికే కూర్చుంటుందా?

అసలు సంగతి ఇది కాదు. పోయిన ఆదివారం ఆనందబాబు లారీలో బండి తెచ్చుకుని సాధకానికి వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. చెట్టు చాటున కూర్చుని అతని చుట్లు కూడా చూశాను. తప్పా?

గట్టి ఇసుకలో అతనికీ ఇరవై సెకన్లే. ఒకసారి ఇరవై ఒకటి. మెత్తటి ఇసుకలో మాత్రం మీ బావకు నలభై ఆరు పడితే అతనికి ముప్పై ఎనిమిది. బండి మీద నిలబడి, ఒళ్ళంతా వెనక్కి వేసి, త్రాటిలు ఏమాత్రం తగ్గించకుండా పోతాడు. మీ బావ అక్కడ భయపడి తగ్గిస్తాడు. తగ్గించగానే ముందు చక్రం దిగబడుతుంది.

నాకు అర్థం కానిది ఇదే తమ్ముడూ. ఇంగ్లండు ఇంజను ఉన్నవాడు గట్టి నేల మీద కదా ముందుండాలి? అక్కడ ఇద్దరూ సమానంగా ఎందుకున్నారు? నా గడియారం తప్పా?

నీ అక్క.


మద్రాసు,
8 మార్చి 1961.

అక్కా,

నీ గడియారం తప్పు కాదు. ఆనందబాబు బండిలో ఆ పిస్టను లేదు.

రెండేళ్ళ కిందటి పందెం దానితోనే గెలిచాడు, ఆ మాట నిజం. ఆ ఎండాకాలం దాటకముందే పిస్టను నెత్తి మీద బొటనవేలు పట్టేంత రంధ్రం పడింది. నువ్వు పంపు నొక్కి కనుక్కున్నదే జరిగింది. మన దగ్గర దొరికే పెట్రోలు అంత నొక్కుడుకు ఓర్చుకోదు. ఇంజను లోపల సుత్తితో కొట్టినట్టు మోగుతుంది, వేడెక్కుతుంది, చివరికి కరుగుతుంది. నా చేతులతోనే పాత పిస్టను, పాత క్యాము, పాత కార్బురేటరు మళ్ళీ బిగించాను. పోయినేడు అతను గెలిచింది బావ బండిలాంటి బండితోనే.

బయట చెప్పవద్దని మేనేజరు అన్నాడు. వాళ్ళ నాన్నకు తెలిస్తే తిడతాడు, చెప్పవద్దని ఆ అబ్బాయి కూడా బతిమాలాడు. అతని గెలుపు చూసి ఆ తర్వాత ఎనిమిది మంది ఆ సామాను కొన్నారు. అమ్మిన ప్రతిసారీ నాకు ఇరవై రూపాయలు ముట్టాయి. బావ తొమ్మిదోవాడు అయ్యేవాడు. నీకు "మా సంస్థ" అని రాస్తున్నప్పుడు ఈ సంగతంతా నాకు తెలుసు. తెలిసే రాశాను.

ఇప్పుడు నీకు తెలిసింది. బావకు చెప్పాలో వద్దో నీ ఇష్టం. బయటికి పొక్కితే నా ఉద్యోగం పోవచ్చు. అయినా చెప్పవద్దని అడిగే ముఖం నాకు లేదు.

పద్మనాభం.


వాకాడు,
20 మార్చి 1961.

తమ్ముడూ,

నీ మీద కోపం వచ్చింది. నాలుగు రోజులు ఉంది. ఇప్పుడు లేదు.

ఉత్తరం పదో తారీఖున అందింది. మీ బావకు వెంటనే చెప్పలేకపోయాను. డబ్బు మిగులుతుందని చెప్పడం తేలికే. కానీ రెండేళ్ళుగా ఆయన్ను నిలబెట్టిన మాట ఒకటుంది కదా, వాడి ఇంజను గెలిచిందని. అది తీసేస్తే ఆయనకు ఏం మిగులుతుంది? రోజూ అన్నం పెడుతూ, ఇవాళ చెబుదాం అనుకుని ఊరుకునేదాన్ని.

పద్నాలుగో తారీఖు ఉదయం మనియార్డరు కట్టడానికి చొక్కా వేసుకున్నాడు. ఇక తప్పక బావి దగ్గర చెప్పాను. నీ ఉత్తరం చేతికిచ్చాను. నిలబడే చదివాడు.

"ఇది నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

నాలుగు రోజులైందన్నాను.

"నాలుగు రోజులు నా మొహం చూస్తా ఎట్టా ఉన్నావు?"

ఆయన ఉత్తరం మడిచి ఇచ్చేసి, "అంటే వాడు నన్నే గెలిచినాడు" అన్నాడు. చొక్కా విప్పి ఎద్దులను కపిలకు కట్టాడు. ఆ రోజు అవసరం లేని మడికి కూడా నీళ్ళు పెట్టాడు.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బండి వంక చూడలేదు. ఇక ఈ ఏడు పందేనికి పోడనుకున్నాను. మూడో రోజు పొద్దున్నే నేను పాలు పితుకుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఆ పిల్లోడు మెత్తటి ఇసకలో ఎట్టా నిలబడతాడో చూసినావు గదా. నాకు చూపించు" అన్నాడు.

పాల చెంబు పక్కన పెట్టి, ఆగి ఉన్న బండి ఎక్కి, చీర దోపుకుని, పాదాలు పెట్టే కమ్మీల మీద నిలబడి చూపించాను. క్రీస్తురాజు అప్పుడే గడియారం కోసం వచ్చి, నన్ను చూసి వాకిట్లోనే ఆగిపోయాడు.

ఇంజను శక్తి పెంచకుండా ఇసుకలో లాగుడు పెంచే ఉపాయం ఏదైనా ఉంటే రాయి.

నీ అక్క.


మద్రాసు,
28 మార్చి 1961.

అక్కా,

పార్సెలులో ఒక పళ్ళచక్రం పంపుతున్నాను. ఇంజను దగ్గర చైను తిప్పేది ఇదే. ఇప్పుడున్న దానికంటే ఒక పన్ను తక్కువ. గట్టి నేల మీద వేగం కొంచెం తగ్గుతుంది, ఇసుకలో లాగుడు పెరుగుతుంది. ఖరీదు పదకొండు రూపాయలు, అది నేను పెట్టుకున్నాను. వెనక టైరులో గాలి సగానికి తగ్గించు. బురదరేకులు విప్పేయి.

అన్నీ ఒక్కసారి చేయకు. ఒకటి మార్చు, పది చుట్లు చూడు, రాయి. తర్వాత రెండోది. లేకపోతే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఈ ముక్క నీ ఉత్తరాల వల్లే నాకు తట్టింది.

బావ నా గురించి ఏమన్నా అన్నాడా?

పద్మనాభం.


వాకాడు,
23 మే 1961.

తమ్ముడూ,

మొన్న ఆదివారం పందెం జరిగింది. మొదటినుంచి చెబుతాను.

నువ్వు చెప్పినట్టే ఒక్కొక్కటే మార్చాం. పళ్ళచక్రం వేస్తే గట్టి ఇసుకలో ఒక సెకను పోయింది, మెత్తటి ఇసుకలో మూడు వచ్చాయి. టైరులో గాలి తగ్గిస్తే ఇంకో రెండు. బురదరేకులు విప్పితే ఏమీ రాలేదు, ఇసుక మాత్రం వీపు నిండా వచ్చింది. అన్నిటికంటే ఎక్కువ పట్టింది మీ బావ భయం మాన్పించడమే. ఎన్నిసార్లు పడ్డాడో లెక్క లేదు. నలభై మూడేళ్ళ మనిషి ఇసుక దులుపుకుని లేచి "ఎంత?" అని అడిగేవాడు. ముందు సెకన్లు చెప్పి, తర్వాత దెబ్బ తగిలిందా అని అడిగేదాన్ని.

పదకొండు బండ్లు వచ్చాయి. మూడో చుట్టు దాకా ఆనందబాబే ముందు. నాలుగో చుట్టులో మెత్తటి ఇసుకలోకి ఇద్దరూ పక్కపక్కనే దిగారు. ఇద్దరూ నిలబడే ఉన్నారు, ఇద్దరూ తగ్గించలేదు. నా చేతిలో గడియారం ఉందన్న సంగతే మరిచిపోయాను. చివరి మలుపులో ఆ అబ్బాయి కొంచెం వెడల్పుగా తిరిగాడు. మీ బావ లోపలినుంచి వచ్చి బండి పొడుగు తేడాతో గెలిచాడు.

జనం ఇంకా అరుస్తుండగానే మిల్లు వాళ్ళ మనుషులు కమిటీ దగ్గరికి పోయారు. మీ బావ పేరెత్తి, హజరత్తయ్యకు మద్రాసులో బామ్మర్ది ఉన్నాడు, పందెం ఒప్పుకునే కొలతకు మించిన పెద్ద పిస్టను దొంగతనంగా వేయించుకున్నాడు, ఇంజను విప్పాల్సిందే అన్నారు. మీ బావ విప్పమన్నాడు. క్రీస్తురాజు అక్కడే ఇసుకలో గోనెపట్ట పరిచి, వేడి తగ్గాక అందరి ముందూ విప్పాడు. మసి పట్టిన పాత పిస్టను బయటికొచ్చింది. కొలిచారు. అదే కొలత.

అప్పుడు గుంపులో ఒకాయన అడిగాడు, ఈ పాత సామానుతో ఆ ఇంగ్లండు ఇంజనును ఎట్టా గెలిచినావయ్యా అని.

మీ బావ నా వైపు చూశాడు. ఒక్క మాట చాలు, తమ్ముడూ. వాళ్ళ బండి కూడా విప్పమంటే చాలు. ఆయన్ను దొంగ అన్నవాళ్ళందరూ తలవంచుకునేవారు. దాంతోపాటు నీ ఉద్యోగం కూడా పోయేది.

"ఆ అబ్బాయి బాగా తోలినాడు. ఇయ్యాల నేను ఇంకొంచెం బాగా తోలినాను. అంతే" అన్నాడు.

అందరూ కదలబోతుంటే ఆనందబాబు వచ్చాడు. ముఖం నిండా ఇసుక. వాళ్ళ మనిషి ఒకడు చెయ్యి పట్టుకుని లాగితే విదిలించుకున్నాడు. "నా బండి కూడా విప్పాలంటే విప్పుకోండి. దాంట్లో ఉండేది కూడా ఇదే పిస్టను. పోయినేడు గెలిచిందీ దీంతోనే. ఆ ఇంగ్లండుది ఎప్పుడో పగిలిపోయింది" అన్నాడు.

మీ బావ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి విప్పిన ఇంజను ముక్కలు ఏరి గోనెలో వేశారు.

నీ పేరు అక్కడ ఎవరూ ఎత్తలేదు. కానీ ఈ మాట మద్రాసు చేరకుండా ఉండదు. నాకు భయంగా ఉంది. నీ గురించి బావ ఏమన్నాడని అడిగావు కదా. మార్చిలో ఏమీ అనలేదు. నిన్న మాత్రం, "మీ తమ్ముడు చెప్పేదానికి ఆలస్యం చేసినాడు గానీ, చెప్పినాడు" అన్నాడు.

నీ అక్క.


మద్రాసు,
14 జూన్ 1961.

అక్కా,

మాట చేరింది. మేనేజరు పిలిచి, ఇది నిజమేనా, నువ్వు ముందే మీవాళ్ళకు చెప్పావా అని అడిగాడు. రెండూ నిజమేనన్నాను. ఉద్యోగం తీసెయ్యలేదు. కౌంటరు నుంచి తీసి వెనక షెడ్డులో వేశాడు. జీతం కొంచెం తగ్గింది, ఆ ఇరవై రూపాయలు ఇక లేవు. నాకు అక్కడే హాయిగా ఉంది.

కొన్న ఎనిమిది మందిలో ముగ్గురు బండ్లు తెచ్చారు. ఇద్దరి పిస్టన్లకు రంధ్రాలున్నాయి. మూడో ఆయనది చెక్కుచెదరలేదు. అతను షోళవరంలో విమానాలు దిగే సిమెంటు దారి మీద తోలతాడు, మంచి పెట్రోలు తెప్పించుకుంటాడు. మొదటినుంచి చివరిదాకా త్రాటిలు పూర్తిగా తిప్పి పోయే దారి అది. అతనికి ఆ సామాను డబ్బుకు తగినదే, తీయవద్దని చెప్పాను. అందుకే సామాను మంచిదా కాదా అని ఎవరైనా అడిగితే, నువ్వు తోలే దారి ఎట్లా ఉంటుంది అని తిరిగి అడుగుతున్నాను. కొందరు విసుక్కుని పోతున్నారు. కొందరు కూర్చుని చెబుతున్నారు.

పద్మనాభం.


వాకాడు,
9 జూలై 1961.

తమ్ముడూ,

ఆయిలింజను వచ్చింది. క్రీస్తురాజు మూడు రోజులు కూర్చుని బిగించాడు. మొదటిరోజు నీళ్ళు గొట్టంలోంచి దూకితే ఎద్దులు బెదిరి పరిగెత్తాయి.

నిన్న సాయంత్రం ఆనందబాబు వచ్చాడు. లారీ లేదు, మనుషులు లేరు, బండి మీద ఒక్కడే వచ్చాడు. వాళ్ళ నాన్న నెల రోజులు మాట్లాడలేదట, ఇప్పుడు మాట్లాడుతున్నాడట. మజ్జిగ తాగి, కాసేపు ఇంజను చుట్టూ తిరిగి, చివరికి నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, అన్న చివరి మలుపులో నన్ను ఎట్టా దాటినాడో నాకిప్పటికీ తెలియలా. నాక్కూడా ఒకసారి గడియారం పట్టుకుని చెబుతారా?" అన్నాడు.

మీ బావ వింటూనే ఉన్నాడు. చూసి చెబుతానన్నాను.

అబ్బాయి వెళ్ళాక మీ బావను అడిగాను. ఆ మలుపు సంగతి చెబితే వచ్చే ఏడు కప్పు పోవచ్చు, మీకు ఇష్టం లేకపోతే రావద్దని జాబు రాస్తానన్నాను. ఆయన గొట్టం కింద కాళ్ళు పెట్టుకుని నీళ్ళ వంక చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత, "ఆ పిల్లోడు ఇంకెంత బాగా తోలగలడో నాకూ చూడాలనుంది శేషా" అన్నాడు.

వచ్చే ఆదివారం రమ్మని రాశాను.

నీ అక్క,
ఆదిశేషమ్మ.